మార్కుల రిజిస్టరూ, తప్పుల నోటుబుక్కూ



మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, జ్ఞాపకాలు, గ్రూప్ ఫోటోలు గుర్తుకొస్తాయి. ఈసారి సంపాదకవర్గం తమ్ముళ్లు మా దగ్గరికి వచ్చి, "అన్నా, మీరు చదువుకు పనికొచ్చే పాఠం ఏదైనా రాయండి" అని అడిగారు. మేం నలుగురం ఈ హాస్టల్ అన్నం తిని, ఈ వరండాలోనే చదువుకుని, డీఎస్సీ రాసి, తలా ఒక ఊళ్లో పంతుళ్లమయ్యాం. కొన్నేళ్లుగా వీలైన ఆదివారాల్లో ఇక్కడికి వచ్చి మీకు లెక్కలు చెబుతున్నాం. నిజం చెప్పాలంటే, ఆ ఆదివారాల్లో మేం చెప్పినదానికన్నా నేర్చుకున్నదే ఎక్కువ. అందులో ముఖ్యమైనది ఒకటి ఇక్కడ రాస్తున్నాం.

పిల్లలు రాసిన జవాబులను చూసి రేపటి పాఠం ఏమిటో నిర్ణయించుకోవడం ఎలా అన్నదే ఆ పాఠం. శిక్షణ తరగతుల్లో దీన్ని అభ్యసన సమాచారం ఆధారంగా బోధన అంటారు. డేటా అనే మాట కూడా వాడతారు. డేటా అనగానే కంప్యూటరు కావాలేమో అనుకోవద్దు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, పావుగంట ఓపిక ఉంటే సరిపోతుంది.

ట్రంకుపెట్టె సర్దుకున్న తమ్ముడు

ఈ పని మేం ఎందుకు మొదలుపెట్టామో ముందు చెప్పాలి.

ఒక ఆదివారం ఉదయం మేం వచ్చేసరికి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. అప్పటికి అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు ఇచ్చి రెండు రోజులైంది.

"ఎక్కడికిరా?" అని అడిగాం.

"ఇంటికన్నా. ఇంక రాను. లెక్కలు నా తలకెక్కవు. మా మామ బెంగళూరులో సెంట్రింగ్ పనికి తీసుకుపోతానన్నాడు."

అతనికి లెక్కల్లో 80కి 9 మార్కులు వచ్చాయి. "ఒక్క పూట ఆగు. నీ పేపరు తీసుకురా" అన్నాం. తెచ్చాడు. పేపరు నిండా ఎర్ర ఇంకు గీతలు, పైన సున్నా చుట్టిన 9. అంతకుమించి ఏమీ లేదు.

నలుగురం వరండాలో కూర్చుని ఆ పేపరును వరసగా ఒక్కో లైనూ చదివాం. చదివేకొద్దీ ఆశ్చర్యం వేసింది. సమీకరణం ఎలా సాధించాలో అతనికి తెలుసు. వైశాల్యానికి సూత్రం సరిగానే రాశాడు. మెట్లు కూడా సరిగానే వేశాడు. తీసివేత వచ్చిన చోటల్లా తప్పాడు. ఒకచోట 52 − 37 = 25 అని, ఇంకోచోట 403 − 168 = 365 అని రాశాడు. పైన ఉన్నదా, కింద ఉన్నదా అని చూడకుండా ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. 2లోంచి 7 తీయమంటే 7లోంచి 2 తీసి 5 వేస్తున్నాడు.

పేపరు నిండా కనిపించిన తప్పులు నిజానికి వేర్వేరు తప్పులు కావు. ఒకే తప్పు చాలాసార్లు వచ్చింది. అదీ మూడో తరగతి నాటి తప్పు. ఆ ఆరేళ్లలో అతను రాసిన పరీక్షలు తక్కువేం కాదు. ప్రతి పరీక్షా అతనికి లెక్కలు రావని చెప్పింది. ఏ లెక్క రాదో మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

ఇది ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. మేమూ పంతుళ్లమే. మా బల్ల మీదా పేపర్ల కట్టలు ఉంటాయి. ఫలానా తేదీలోగా మార్కులు ఎక్కించాలని మాకూ చెబుతారు. ఆ ఎర్రపెన్ను మా జేబులోనూ ఉంది. అందుకే ఆ ఉదయం మాకు సిగ్గేసింది.

మెతుకు ఎప్పుడు పట్టి చూడాలి?

మన వంటగదిలో వంట మాస్టర్ ఏం చేస్తారో మీ అందరికీ తెలుసు. అన్నం పొయ్యి మీద ఉండగానే గరిటెతో ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూస్తారు. పలుకు ఉంటే ఇంకొన్ని నీళ్లు పోస్తారు, మంట సరిచేస్తారు. అదే మెతుకును మన కంచాల్లో వడ్డించాక పట్టి చూస్తే లాభమేముంది? అన్నం బాగుందనో బాగాలేదనో తెలుస్తుంది, అంతే. అప్పుడు బాగుచేయడానికి ఏమీ ఉండదు.

పరీక్షలు కూడా ఈ రెండు రకాలే. పాఠం పొయ్యి మీద ఉండగా పెట్టేది నిర్మాణాత్మక మూల్యాంకనం. దించాక పెట్టేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలని చెప్పింది. ఆ తర్వాత మన బడుల్లో ఎఫ్.ఏ., ఎస్.ఏ. అనే మాటలు వచ్చాయి. మేం చదివిన రోజుల్లో యూనిట్ టెస్టు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ అనేవాళ్లం. పేరు ఏదైనా ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ పరీక్ష చూశాక రేపటి పాఠంలో ఏదైనా మారిందా? మారితే అది పొయ్యి మీది మెతుకు. మారకపోతే, ఎన్నిసార్లు పెట్టినా అది కంచంలో మెతుకే.

అయితే అన్నానికీ తరగతికీ ఒక తేడా ఉంది. కుండలో ఒక మెతుకు ఉడికితే మిగతావీ ఉడికినట్టే. తరగతిలో అలా కుదరదు. సార్ "అర్థమైందా?" అంటారు. "అయింది సార్!" అని అందరం ఒకే గొంతుతో అరుస్తాం. ముందు బెంచీలో ఇద్దరు జవాబు చెబుతారు. పాఠం ముందుకు పోతుంది. వెనక బెంచీలో ఉడకని మెతుకులు అలాగే ఉండిపోతాయి. మేం కూడా అలా అరిచినవాళ్లమే. అందుకే ప్రతి ఒక్కరి మెతుకూ చూడాలి. దానికి మేం వాడే పద్ధతి ఇది.

ఐదు ప్రశ్నల చీటీ

శనివారం రాత్రి స్టడీ అవర్‌లో అరపేజీ కాగితం మీద ఐదు ప్రశ్నలు ఇస్తాం. పావుగంట సమయం. మార్కులు వేయం. ర్యాంకులు లేవు. కొట్టివేతలు, పక్కన చేసిన చిల్లర లెక్కలు చెరపొద్దని మాత్రం చెబుతాం. ఎందుకంటే తప్పు ఎక్కడ పుట్టిందో ఆ చిల్లర లెక్కల్లోనే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదో తరగతి వాళ్లు 30 మంది సమీకరణాల చీటీ రాశారనుకోండి. పెట్టెలో ఉండాల్సిన సంఖ్య కనుక్కోవాలి.

1. □ + 7 = 15
2. 3 × □ = 24
3. □ + 9 = 4
4. 2 × □ + 5 = 17
5. 3 × □ + 10 = 4

మార్కుల రిజిస్టరు పద్ధతిలో అయితే ఒక్కొక్కరికి 5కి ఎన్నో వేసి, కూడి, సగటు తీస్తాం. సగటు 3 వచ్చిందనుకుందాం. "ఫరవాలేదు, సమీకరణాలు ఓ మోస్తరుగా వచ్చాయి" అని తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. లేదా "ఇంకా రావాలి" అని పాఠమంతా మొదటి నుంచి మళ్లీ చెబుతాం. ఈ రెండూ పొరపాటే.

ఇప్పుడు అదే కాగితాలను నిలువుగా చూడండి. అంటే మనిషి మనిషికి కాకుండా ప్రశ్న ప్రశ్నకు లెక్కపెట్టండి. మొదటిది 28 మంది, రెండోది 26 మంది, మూడోది 9 మంది, నాలుగోది 21 మంది, ఐదోది 8 మంది సరిగా చేశారనుకోండి. మొత్తం 92 సరైన జవాబులు. 30తో భాగిస్తే సగటు సుమారు 3. సగటు అదే, కథ మాత్రం వేరు. నాలుగో ప్రశ్నలో రెండు మెట్లున్నాయి. అయినా 21 మంది చేశారు. మూడో ప్రశ్నలో ఒక్క మెట్టే ఉంది. అయినా 9 మందే చేశారు. మూడుకూ ఐదుకూ ఉన్న పోలిక ఏమిటి? రెండింటి జవాబులూ రుణ సంఖ్యలే: −5, −2.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మూడో ప్రశ్న తప్పినవాళ్లు ఏం రాశారో చూడండి. ఎక్కువమంది 5 అని రాసి ఉంటే, 9లోంచి 4 తీసేశారన్న మాట. ఇది ఆ ట్రంకుపెట్టె తమ్ముడి తప్పుకు తోబుట్టువే. చిన్నప్పుడు మనందరికీ తీసివేత ఎలా చెప్పారు? "2లోంచి 7 పోదు, పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో" అని చెప్పారు. అప్పు తెచ్చుకోవడం మరిచిపోయినవాడికి "పోదు" అన్న మాట ఒక్కటే గుర్తుండిపోయింది. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు కాబట్టి తిరగేసి తీసేస్తాడు. అది అతని తెలివితక్కువతనం కాదు, మనం చెప్పిన మాటను గట్టిగా పట్టుకోవడమే.

కాబట్టి ఈ తరగతికి రేపు చెప్పాల్సిన పాఠం సమీకరణాలు కాదు, రుణ సంఖ్యలు. దాన్ని మేం కిరాణా కొట్టు ఖాతాతో చెబుతాం. నీ చేతికి 9 రూపాయలు వచ్చాయి. కొట్లో పాత బాకీ తీర్చేశావు. 4 రూపాయలు మిగిలాయి. 9 రాకముందు నీ పరిస్థితి ఏమిటి? 5 రూపాయల బాకీ. ఆ బాకీనే −5 అని రాస్తాం. మూడో ప్రశ్న అదే. ఖాతా గురించి తెలియని తమ్ముడు మన హాస్టల్లో ఎవరుంటారు?

కట్టలు మూడు, నిర్ణయాలు మూడు

చీటీలు చూడటం అయ్యాక వాటిని మూడు కట్టలు చేస్తాం: వచ్చినవి, తడబడినవి, రానివి. తర్వాత ఈ సూత్రం పాటిస్తాం.

ఎక్కువమంది ఒకే ప్రశ్న తప్పితే తప్పు మాది. అదే పాఠాన్ని అవే మాటలతో కాకుండా, మరో దారిలో అందరికీ చెబుతాం.

కొద్దిమంది తప్పితే ఆ కొద్దిమందితో అరగంట వరండాలో విడిగా కూర్చుంటాం. మిగతావాళ్లు ఆ సమయంలో కష్టమైన లెక్కలు చేసుకుంటారు.

ఒక్కడే తప్పితే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది ఎలా చేశావో చెప్పు" అని అడుగుతాం. "ఎందుకు తప్పావు?" అని అడిగితే భయపడి నోరు మూసుకుంటాడు. "ఎలా చేశావు?" అంటే చెబుతాడు.

వారం తిరిగేసరికి అవే ప్రశ్నలు అంకెలు మార్చి మళ్లీ ఇస్తాం. ఈ రెండో చీటీయే ముఖ్యం. మొదటి చీటీ తమ్ముళ్లకు పరీక్ష అయితే, రెండోది మాకు పరీక్ష.

తప్పులు నాలుగు రకాలు

తప్పుల నోటుబుక్కులో మేం ప్రతి తప్పు పక్కన ఒక మాట రాస్తాం. ఎందుకంటే ఒక్కో తప్పుకు ఒక్కో మందు.

ఒకటి, భావన. అసలు విషయమే అర్థం కాకపోవడం. 0.8 కన్నా 0.35 పెద్దదని రాసేవాడు 8నీ 35నూ పోలుస్తున్నాడు. అరకు మూడో వంతు కలిపితే 2/5 అని రాసేవాడు పైవి పైన, కిందివి కింద కూడుతున్నాడు. సగం రొట్టెకు ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగితే అతనే నవ్వుతాడు. ఇలాంటివాడికి ఇంకో 20 లెక్కలు ఇస్తే అదే తప్పు 20 సార్లు చేస్తాడు. మళ్లీ బొమ్మ గీసి, వస్తువులతో చూపించి చెప్పాలి.

రెండు, పద్ధతి. విషయం తెలుసు, మెట్టు తప్పుతున్నాడు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మరిచిపోవడం ఇలాంటిదే. దీనికి సాధన కావాలి. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికా పరిశోధకులు 1978లో ఒక వ్యాసం ప్రచురించారు. తీసివేతలో పిల్లలు చేసే తప్పులు చాలావరకు గుడ్డిగా వచ్చేవి కావని, పిల్లవాడు ఒక తప్పు నియమాన్ని క్రమం తప్పకుండా పాటించడం వల్ల వచ్చేవని అందులో చూపించారు. ఆ నియమం ఏమిటో కనిపెడితే అతను తర్వాతి లెక్కలో ఏ తప్పు జవాబు రాస్తాడో ముందే చెప్పవచ్చు. మన తమ్ముడి 25, 365 అటువంటివే.

మూడు, భాష. "40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న చేను చుట్టూ ఒక వరస కంచె వేయడానికి ఎంత తీగ కావాలి?" అన్న ప్రశ్నకు చాలామంది 40ని 25తో గుణించి 1000 అని రాస్తారు. గుణకారం వచ్చు, చుట్టుకొలత సూత్రమూ వచ్చు. ప్రశ్న చదివి బొమ్మ ఊహించుకోవడమే రాలేదు. అతన్ని మన గ్రౌండ్ చుట్టూ ఒకసారి నడిపించి "ఎంత నడిచావు?" అని అడిగితే, 40, 25, 40, 25 కలిపి 130 అని తానే చెబుతాడు. ఇక్కడ చెప్పాల్సింది లెక్కల పాఠం కాదు, చదివే పాఠం.

నాలుగు, తొందర. అన్నీ తెలుసు, ఆఖరి లైనులో అంకె తారుమారు. దీనికి కొత్త పాఠం అక్కర్లేదు. జవాబును మళ్లీ ప్రశ్నలో పెట్టి సరిచూసుకునే అలవాటు చాలు.

ఐదోది కూడా ఒకటుందని మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక తమ్ముడు కాగితం మీద ఇచ్చిన లెక్కలన్నీ సరిగా చేసేవాడు. బోర్డు మీద రాసినవి మాత్రం తప్పేవాడు. రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే, అతను బోర్డు మీది 3ను 8గా, 1ని 7గా ఎక్కించుకుంటున్నాడు. చూపు తక్కువ. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే కళ్లద్దాలు రాశారు. అంతకుముందు అతన్ని మేమే రెండుసార్లు "ధ్యాస లేదు" అని కేకలేశాం. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఇదంతా మా నలుగురి అనుభవమే కాదు. దీని మీద మన దేశంలో, మన రాష్ట్రంలో కూడా పెద్ద అధ్యయనాలు జరిగాయి.

ప్రథమ్ సంస్థ 2005లో అసర్ అనే సర్వే మొదలుపెట్టింది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివిస్తారు. ముందు అక్షరాలు, తర్వాత పదాలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి పేరా, తర్వాత రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఇందులో వచ్చే ఫలితం "నూటికి ఎంత?" అని ఉండదు, "ఏ మెట్టు మీద ఉన్నాడు?" అని ఉంటుంది. అందువల్ల తర్వాతి మెట్టు ఏమిటో వెంటనే తెలుస్తుంది.

మరో అధ్యయనం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005-06 విద్యా సంవత్సరంలో 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్షలు పెట్టించి, ఎవరికి ఏది రాదో వివరంగా నివేదికలు తయారుచేసి ఉపాధ్యాయులకు అందించారు. బడికి వచ్చి తరగతులు కూడా పరిశీలించారు. ఏం జరిగింది? పరిశీలకులు చూస్తున్నప్పుడు ఉపాధ్యాయులు ఎక్కువ కష్టపడినట్టు కనిపించింది. కానీ ఏడాది చివర పరీక్షల్లో, ఆ నివేదికలు అందని బడుల పిల్లలకన్నా ఈ పిల్లలు ఏమీ ముందుకు వెళ్లలేదు. 2010లో ప్రచురించిన ఈ ఫలితం చదివి మేం నిరాశపడ్డాం. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. సమాచారం చేతికి అందినంత మాత్రాన చదువు రాదు. జ్వరం ఎంత ఉందో థర్మామీటరు చెబుతుంది గానీ, జ్వరాన్ని తగ్గించదు.

హర్యానాలో 2012-13లో చేసిన ప్రయోగం రెండో సగం చెప్పింది. కొన్ని బడుల్లో నిరంతర సమగ్ర మూల్యాంకనం మాత్రమే అమలుచేశారు. పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరికొన్ని బడుల్లో ప్రథమ్ పద్ధతిలో పిల్లల మెట్టు చూసి, ఏ తరగతి అన్నది పక్కన పెట్టి, మెట్టును బట్టి జట్లు చేసి, రోజుకో గంట ఆ మెట్టు పాఠమే చెప్పారు. వాళ్ల హిందీ చదవడం మెరుగుపడింది. ఈ రకం అధ్యయనాలు చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. వాళ్లకూ మైఖేల్ క్రీమర్‌కూ కలిపి 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు అనే పునాదినే పట్టుకుంది.

ఇంకొకటి. రూత్ బట్లర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు. కొందరికి ఎక్కడ బాగా చేశారో, ఏది సరిచేసుకోవాలో మాటల్లో రాసి ఇచ్చారు. కొందరికి రెండూ ఇచ్చారు. మాటలు మాత్రమే అందుకున్నవాళ్లకు ఆసక్తీ పెరిగింది, పనీ మెరుగుపడింది. రెండూ అందుకున్నవాళ్ల స్థితి మార్కులే అందుకున్నవాళ్లలాగే ఉంది. మార్కు కనిపించాక మాట మీదికి కన్ను పోదు కాబోలు. ఆలోచించండి, మీ పేపరు చేతికి రాగానే మీరు ముందు చూసేదేమిటి? పక్కవాడికెంత అన్నదే కదా! మా చీటీకి మార్కులు వేయకపోవడానికి కారణం ఇదే.

కొన్ని జాగ్రత్తలు

ఈ పని మంచిదే గానీ, చేయిజారితే కీడు కూడా చేస్తుంది. మేం పడిన పొరపాట్ల నుంచి నేర్చుకున్నవి రాస్తున్నాం.

మొదటిది, పేరు పెట్టకూడదు. మొదట్లో మేం చేసిన జట్లకు ఎ, బి, సి అని పేర్లు పెట్టాం. రెండు వారాలకే భోజనాల దగ్గర "సి బ్యాచ్ వచ్చాడ్రా" అన్న మాట వినిపించింది. వెంటనే ఆ పేర్లు తీసేశాం. ఇప్పుడు జట్టు పేరు పాఠం పేరే: భిన్నాల జట్టు, తీసివేత జట్టు. పాఠం వచ్చిందంటే ఆ జట్టు అయిపోయినట్టే. ఎవరూ అందులో కాపురం ఉండరు.

రెండోది, నోటుబుక్కు గోడకు అంటించేది కాదు. ఎవరి తప్పులు వాళ్లకూ మాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. మనలో చాలామందికి బయట ఇప్పటికే కావలసినన్ని ముద్రలు ఉన్నాయి. చదువు పేరుతో ఇంకో ముద్ర వేయడానికి కాదు మేం వచ్చేది.

మూడోది, ఒక్క చీటీని నమ్మి తీర్పు చెప్పకూడదు. ఆ రోజు జ్వరం ఉండవచ్చు. ఇంటి నుంచి ఫోను వచ్చి ఉండవచ్చు. పక్కవాడి కాగితం చూసి రాసి ఉండవచ్చు. రెండు మూడు చీటీల్లో అదే తప్పు కనిపిస్తేనే నోటుబుక్కులో ఎక్కించాలి.

నాలుగోది, వాడనిదాన్ని రాయకూడదు. ఒక ఏడాది మేం ఎన్నో గళ్లు గీసి, రంగులు వేసి పెద్ద పట్టిక తయారుచేశాం. నింపడానికే ఆదివారం అయిపోయేది, పాఠం చెప్పడానికి టైము ఉండేది కాదు. ఇప్పుడు తారీఖు, పేరు, తప్పు, రకం, ఏం చేశాం, మళ్లీ చూస్తే వచ్చిందా – ఈ ఆరు గళ్లే.

తమ్ముళ్లారా, మీరే చేసుకోవచ్చు

దీనికి మేమే రానక్కర్లేదు. సార్లే చేయాలనీ లేదు. ఏ సబ్జెక్టుకైనా మీ దగ్గరున్న పాత నోటుబుక్కు వెనక పేజీల్లో మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మీరు రాసిన తప్పు జవాబు ఉన్నదున్నట్టు రాయండి. రెండో గడిలో అప్పుడు మీరేం అనుకున్నారో రాయండి. మూడో గడిలో సరైన దారి రాయండి. రెండో గడి కష్టం, కానీ అసలు చదువు అక్కడే ఉంది. ఇంగ్లీషులో "డజ్ హీ గోస్" అని రాశారా? "హీ వస్తే చివర ఎస్ చేర్చాలని గుర్తుంది, డజ్‌లోనే అది ఉందని గుర్తులేదు" అని మీ మాటల్లో రాసుకోండి. తెలుగులో ల, ళ తారుమారైతే ఆ మాటల జాబితా రాసుకోండి. పరీక్షకు ముందు రాత్రి పుస్తకమంతా తిరగేయడం కన్నా ఆ వెనక పేజీలు చదువుకోవడం మేలు.

స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరు కూర్చుని తప్పులు మార్చుకోండి. పక్కవాడి తప్పు చూసి నవ్వడం తేలిక. అది ఎలా పుట్టిందో కనిపెట్టడమే గొప్ప.

చివరిగా ఒక మాట

ట్రంకుపెట్టె సర్దుకున్న తమ్ముడు ఆ పూట ఆగాడు. తర్వాత ఆదివారం కూడా ఆగాడు. తీసివేత జట్టులో అతనితోపాటు ఇంకా కొందరు ఉన్నారని తెలిశాక సిగ్గు తగ్గింది. అప్పు తెచ్చుకోవడం వచ్చేందుకు పెద్దగా రోజులు పట్టలేదు. తనకు లెక్కలు వస్తాయని నమ్మడానికి మాత్రం ఏడాది పట్టింది. పదో తరగతి రాశాడు. లెక్కల్లో గొప్ప మార్కులేం రాలేదు. పాసయ్యాడు. ఇప్పుడు ఐటీఐ చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడు మాతో వరండాలో కూర్చుంటున్నాడు.

ఇంకొకరి గురించి చెప్పి ముగిస్తాం. మా బ్యాచ్‌లో మాతో ఒకే కంచంలో తిన్న మిత్రుడొకడు తొమ్మిదో తరగతిలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. అతను కూడా లెక్కలు రావనే వెళ్లాడు. అప్పుడు మేం పిల్లలం. బస్సు దాకా వెళ్లి చెయ్యి ఊపి వచ్చాం. ఇప్పుడు తాపీ పని చేస్తున్నాడు. మంచి పనిమంతుడు. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, ఎన్ని బస్తాల సిమెంటు కావాలో నోటి లెక్కతో చెప్పేస్తాడు. ఒక్క అంకె తేడా రాదు. మొన్న మాలో ఒకరి ఇంటి పనికి వచ్చినప్పుడు ఆ లెక్క విని మాకు మాట రాలేదు. అతనికి లెక్కలు రాకపోవడమేమిటి? ఆనాటి అతని పేపర్లో ఏదో ఒక చిన్న తప్పు పదిచోట్ల దొర్లి ఉంటుంది. అది ఏమిటో ఎవరం చూడలేదు. ఆ పేపరు ఇప్పుడు ఎక్కడా లేదు.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు, ప్లేట్లు, దుప్పట్లు ఇస్తున్నారు. సంతోషం. వాటితోపాటు నెలకో ఆదివారం ఇవ్వండి. ఒక తమ్ముడి పేపరు తీసుకుని పక్కన కూర్చుని, మార్కు చూడకుండా, మొదటి లైను నుంచి చదవండి. నోటుబుక్కు మేం ఇస్తాం.